ఆఖరివాడు కూర్చున్నాక పది నిమిషాలు

ఇంకా ఆరున్నర కాలేదు. ధవళేశ్వరం హెడ్ లాకు దగ్గర కాలువ మీద మంచు దట్టంగా ఉంది. బ్యారేజీ మీద పోయే లారీల దీపాలు అందులోంచి పచ్చగా కనపడి మాయమవుతున్నాయి. గోదావరికి అడ్డంగా ఇక్కడ నాలుగు కట్టలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అన్నింటికీ కలిపి 175 గేట్లు. 1852లో కాటన్ దొర పాత ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఇక్కడ మళ్ళించిన నీళ్ళే డెల్టాకి అన్నం పెడుతున్నాయి. సంక్రాంతి వెళ్ళింది. దాళ్వా నాట్ల రోజులు, కాబట్టి కాలువ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది.

మీరు కాస్త ఇటు జరగండి. పిల్లలు వస్తున్నారు.

బస్సు దిగినవాళ్ళు కొందరు, నాన్నల స్కూటర్ల మీద వచ్చినవాళ్ళు కొందరు. రాజమండ్రి స్కౌట్ పిల్లలు, పాతికమంది దాకా ఉంటారు. ఈ కాలువ గట్టు పట్టుకుని వేమగిరి మీదుగా కడియం దాకా నడక. ఎనిమిదో తొమ్మిదో కిలోమీటర్లు. మనం వాళ్ళ వెనకాలే నడుద్దాం. ముందు నడిస్తే దారి కనపడుతుంది గానీ పిల్లలు కనపడరు.

అందరి తరవాతా ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక అబ్బాయి దిగుతున్నాడు. ముందు ఒక కాలు కింద పెట్టాడు. తరవాత చేత్తో రాడ్డు పట్టుకుని ఒళ్ళంతా ఒక్కసారిగా బయటికి తెచ్చుకున్నాడు. ఆటో అటు ఒరిగి మళ్ళీ నిలబడింది. ఆ ఊగుడికి ఇద్దరు పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు. వీడది చూశాడు. చూడనట్టే తలొంచుకుని చిల్లర లెక్కపెడుతున్నాడు.

పద్నాలుగేళ్ళవాడు. బరువు తొంభై కిలోలకి కాస్త అటూ ఇటూ. ఊరందరికీ ఎలా తెలుసంటే, బళ్ళో ఆరోగ్య పరీక్షల రోజున తూకం మిషన్ ఎక్కించి అంకె పైకి చదివారు. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ మరిచిపోనూ లేదు. అసలు పేరు మనకెందుకు గానీ, ఇంట్లో చిన్నా అంటారు. మనమూ అదే అందాం.

బూడిదరంగు చొక్కా, ముదురు నీలం ప్యాంటు, మెడలో స్కార్ఫ్. చొక్కా కొత్తది. నిరుడు వీడు గ్రూపులో పేరైతే ఇచ్చాడు గానీ డ్రెస్సు వేసుకోవలసిన మొదటి రోజునే రావడం మానేశాడు. కొట్లో దొరికే సైజుల్లో వీడికి పట్టేది లేదు మరి. ఈ ఏడాది వీళ్ళ స్కౌట్ మాస్టారు రెడీమేడ్ జోలికే పోలేదు. తాడితోట బట్టల మార్కెట్టు నుంచి తాను తెప్పించి అందర్నీ ఒకే టైలర్ దగ్గరికి పంపారు. అందరివీ కుట్టించినవే కాబట్టి, ఫలానావాడిది ఎందుకు కుట్టించారన్న మాటే పుట్టలేదు.

"కూర్చోండ్రా అందరూ. బూట్ల లేసులు పూర్తిగా విప్పి, మళ్ళీ మొదటినుంచీ కట్టుకోండి."

ఇదేం తంతు అనిపిస్తుంది మీకు. చిన్నా వైపు చూడండి. లాకు గోడ మెట్టు మీద కూర్చున్నాడు. ముందుకి వంగాడు. పొట్ట అడ్డం వచ్చింది. ఊపిరి బిగబట్టి, కుడికాలు పక్కకి తెచ్చుకుని, మడమ దగ్గరనుంచి చెయ్యి పోనిచ్చి ముడి వేస్తున్నాడు. ఎడమకాలి పని అయ్యేసరికి చెవులు ఎర్రబడ్డాయి. ముడి వేసుకున్నాక గట్టిగా గాలి వదిలాడు. పక్కన పాతికమందీ వంగి తమ లేసులతోనే కుస్తీ పడుతున్నారు కాబట్టి వీణ్ణి చూసే తీరిక ఎవరికీ లేదు. వీడొక్కడే దారి మధ్యలో ఆగి, మిగతావాళ్ళంతా నిలబడి చూస్తుండగా ఇదే పని చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తరవాత సంచుల వంతు. చిన్నా సంచి అందరి సంచుల కన్నా పెద్దది. వాళ్ళమ్మ పండగ మిగిలినవన్నీ సర్దినట్టుంది: జంతికలు, సున్నుండలు, కజ్జికాయలు, నీళ్ళు మూడు సీసాలు. మాస్టారు అందరి సంచులూ విప్పించి పెట్రోల్ వారీగా తినేవన్నీ ఒకచోట పోయించారు. పెట్రోల్ అంటే ఆరేడుగురు పిల్లల జట్టు. చిన్నా తెచ్చిన సున్నుండల డబ్బా వాళ్ళ పెట్రోల్ లీడర్ సంచిలోకి పోయింది. ఆ లీడరు పదిహేనేళ్ళ సన్నటి కుర్రాడు, గొంతు ఇంకా పగులుతోంది.

"మాస్టారండీ, గుండిగ చిన్నాకిద్దామండీ. వాడు మొయ్యగలడండి."

"వాడు మోస్తున్నది చాలు. గుండిగ నువ్వూ నేనూ పట్టుకుందాం."

ఒళ్ళున్నవాణ్ణి చూడగానే వీడికి బలం ఉంటుందనుకుంటారు. పెళ్ళిళ్ళలో బెంచీలు వీడే మొయ్యాలి, బళ్ళో బల్లలు వీడే జరపాలి. నలభై అయిదు కిలోల పిల్లాడు గట్టు మీద ఒక కిలోమీటరు నడవడానికీ, తొంభై కిలోల పిల్లాడు అదే కిలోమీటరు అదే వేగంతో నడవడానికీ ఒంటికయ్యే ఖర్చులో చాలా తేడా ఉంది. ఎప్పుడూ మీద గోతం వేసుకుని నడుస్తున్నవాడి లెక్క అది. వెనకబడ్డవాడు తక్కువ కష్టపడుతున్నాడని మనం అనుకుంటాం. వాడే అందరికన్నా ఎక్కువ కష్టపడుతున్నాడు.

బయల్దేరారు. వరస చూడండి. దారి చూపేవాడు ముందు. వాడి వెనక, రెండో చోట చిన్నా. ముందే నిలబెడితే పాతిక జతల కళ్ళూ వీపు మీదే ఉంటాయి. వెనక పెడితే సరేసరి. రెండో చోట ఎవడున్నాడో ఎవరూ పట్టించుకోరు, నడక మాత్రం వాడి అడుగుల్ని బట్టే సాగుతుంది. వరస చివర మాస్టారి తమ్ముడు టీవీఎస్ మోపెడ్ మీద మెల్లగా వస్తున్నాడు. వెనక నీళ్ళ టిన్ను, మందుల పెట్టె కట్టి ఉన్నాయి.

తూర్పుగా నడుస్తున్నాం కాబట్టి సూర్యుడు సరిగ్గా ఎదురొస్తున్నాడు. కుడిపక్క కాలువలో గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా కొట్టుకొస్తోంది. రేవులో ఒకావిడ బిందె పక్కన పెట్టి పళ్ళు తోముకుంటోంది. ఎడమపక్క చేలల్లో ఆడవాళ్ళు అప్పుడే దిగారు, నారు కట్టలు గట్టు మీద వరసగా పడున్నాయి. బాతుల మంద ఒకటి ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుతోంది. కాపరి కర్ర ఊపుతున్నాడు గానీ అవి వాడి మాట వింటున్నట్టు లేదు.

"రెండో పెట్రోల్! పదమూడో ఎక్కం!"

ఏడు గొంతులు అందుకున్నాయి. ఇది ఈ మాస్టారి కొలబద్ద. పక్కన నడుస్తున్నవాళ్ళ చేత ఎక్కమో, వేమన పద్యమో చెప్పిస్తారు. పద్యం ఒక పాదం ఒక ఊపిరిలో వచ్చిందా, నడక సరిగ్గా ఉన్నట్టే. పాదం మధ్యలో గాలి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. డాక్టర్లు చెప్పే లెక్కా ఇదే: నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యరకం శ్రమ. రెండు మాటలకే ఆయాసపడితే గట్టి శ్రమ. చిన్నా ఎక్కం పదమూడు ఆర్ల దాకా బాగానే చెప్పాడు. ఏడు దగ్గర ఆగాడు. లెక్క రాక ఆగాడా ఊపిరి అందక ఆగాడా తెలియదు గానీ, "కాస్త నెమ్మదిగా" అని ముందుకి కేక వెళ్ళింది. పదమూడు ఏడ్లు దగ్గర ఇంకో ఇద్దరు కూడా ఆగారు. వాళ్ళది మాత్రం లెక్క రాకే.

ఇరవై నిమిషాలు నడిచాక ఒక తూము దగ్గర ఆగారు. ఒకటో పెట్రోల్ వాళ్ళు ఈలోగా వరస వదిలి, కాస్త జోరు చూపించి వంద గజాలు ముందే వచ్చి కూర్చున్నారు. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే చేరుతున్నారు. చిన్నా వచ్చాడు, వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకటో పెట్రోల్ కుర్రాడొకడు లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

"ఏరా, ఎక్కడికి?"

"పది నిమిషాలైందండీ."

"ఎవరికైంది? ఆఖరివాడు ఇప్పుడే కూర్చున్నాడు. ఇప్పట్నించీ పది."

ఈ ఒక్క మాట కోసమే మిమ్మల్ని ఇంత పొద్దున్నే లేపి తీసుకొచ్చాను. పిల్లల్ని పిక్నిక్కులకీ కొండలకీ తీసుకెళ్ళే గుంపుల్ని చాలా చూశాను. అన్నింట్లోనూ జరిగేది ఒకటే. హుషారైనవాళ్ళు ముందు చేరి పది నిమిషాలు కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, నీళ్ళు తాగుతారు. ఆఖరివాడు రొప్పుతూ వచ్చేసరికి, "వచ్చేశాడు, పదండి" అని లేస్తారు. అలసట తెలియనివాడికి అయిదు విడతల విశ్రాంతి, కాళ్ళు పీకేవాడికి ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికి వాడు కూలబడతాడు. అప్పుడు "చెప్పాను కదా, వాణ్ణి తేకూడదని" అంటారు. తెచ్చినందువల్ల రాలేదు ఆ ఇబ్బంది. వాడు వచ్చి కూర్చోకముందే గడియారం చూసుకున్నారు, అందుకొచ్చింది.

స్కౌట్లలో ఈ ఆలోచనకి మూలం పాతదే. 1907 ఆగస్టులో స్కౌట్లకి ఆద్యుడైన బేడెన్ పోవెల్ ఇంగ్లండులో బ్రౌన్‌సీ దీవిలో ఇరవైమంది పిల్లలతో పెట్టిన శిబిరంలో పెద్ద బళ్ళ పిల్లల్నీ, కూలి పనివాళ్ళ పిల్లల్నీ కలిపి నాలుగు పెట్రోళ్ళు చేశాడు. పేరు జట్టుదే, పని జట్టుదే. ఈ మాస్టారు దాన్ని గోదావరి పద్ధతిలో చెబుతారు: "మీలో ఆఖరివాడు లాకు దాటాకే మీ పెట్రోల్ లాకు దాటినట్టు. ముందొచ్చినోడు ముందొచ్చాడంతే, ఆయ్."

వేమగిరి ఇంకా కిలోమీటరుందనగా బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఎదురొచ్చారు. వరస పక్కనుంచి పోతూ ఒకడు, "ఓయ్, వీళ్ళతో లారీ కూడా ఉందిరోయ్!" అని అరిచి పోయాడు.

మీకు వెనకనుంచి వినపడే ఉంటుంది, వరసలో ఇద్దరు కిసుక్కుమన్నారు. చిన్నా మెడ బిగుసుకుంది. అడుగు మాత్రం ఆగలేదు, ఇలాంటివి చాలానే విన్నవాడి నడక అది. మాస్టారు ఏమీ అనలేదు. అందర్నీ ఆపి ఉపన్యాసం చెబితే వీడి ఒళ్ళు ఇంకో పది నిమిషాలపాటు అందరి మధ్యా బల్ల మీద పెట్టినట్టవుతుంది. కాసేపయ్యాక నవ్విన ఇద్దర్నీ నీళ్ళ టిన్ను మార్చే పని మీద వెనక్కి పిలిచారు. ఏం చెప్పారో మనకి వినపడలేదు. ఒకడు తల గోక్కుంటున్నాడు, రెండోవాడు బూటు కొనతో మట్టి తవ్వుతున్నాడు. తిరిగొచ్చాక వాళ్ళు చిన్నాకి క్షమాపణలు చెప్పలేదు. మోచేత్తో పొడిచి, "నీళ్ళు కావాల్రా?" అన్నాడొకడు. ఆ వయసు మగపిల్లల దగ్గర దానికి మించి ఆశించకూడదు.

వేమగిరిలో హైవే చప్పుడు ముందే వినపడుతుంది. టిఫిన్ హోటలాయన పెనాలు రెండూ వేడెక్కించి సిద్ధంగా ఉన్నాడు. పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి. ఎవరెన్ని తింటారో వాళ్ళే చెప్పాలి, పక్కవాడి ఆకు వైపు చూడకూడదు. ఈ గ్రూపులో రాతపూర్వకంగా ఉన్న ఒకే ఒక్క భోజన నియమం ఇది. చిన్నా మొదట ఒకటే చెప్పాడు. ఇంటి బయట ఎప్పుడూ ఒకటే చెబుతాడు. తరవాత ఇంటికెళ్ళి, తలుపు దగ్గరేసుకుని మిగతాది తింటాడు. ఈ పిల్లల గురించి తెలిసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. పక్కవాడు మూడు చెప్పేసరికి వీడు గొంతు సర్దుకుని, "నాకు ఇంకొకటండీ" అన్నాడు. ఎవరూ తలెత్తలేదు.

తలెత్తింది టీ తాగుతున్న పెద్దమనిషొకాయన.

"ఏం బాబూ, ఏమీ అనుకోకు. పొద్దున్నే వేణ్ణీళ్ళలో తేనె, నిమ్మకాయ పిండుకుని తాగు. రాత్రి అన్నం మానెయ్. మా బావమరిది కొడుకు ఇలాగే ఉండేవాడు..."

"బాబాయ్ గారూ, మీ టీ చల్లారిపోతోందండీ," అన్నారు మాస్టారు. ఆయన టీ అందుకున్నాడు. బావమరిది కొడుకు కథ అక్కడితో ఆగింది.

బైకు మీదవాడి కంటే ఈ పెద్దాయనే నాకెక్కువ చిరాకు తెప్పిస్తాడు. బైకువాడు అర నిమిషంలో పోతాడు. ఈయన ప్రేమగా చెబుతాడు కాబట్టి కోప్పడ్డానికి కూడా వీల్లేదు. బస్సులో, పెళ్ళిలో, గుడి క్యూలో ఎక్కడ చూసినా ఈయనే. తన ఒళ్ళు లావుగా ఉందని ఆ పిల్లాడికి తెలియదా? 2022లో ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లల్లో 39 కోట్లమందికి పైగా ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ళలో 16 కోట్లమందిది ఊబకాయం. 1990లో ఈ వయసు పిల్లల్లో నూటికి ఎనిమిదిమంది ఎక్కువ బరువుంటే, 2022కి నూటికి ఇరవైమంది. ఇంతమందీ ఒక్కసారిగా బద్ధకస్తులైపోలేదు కదా. తిండి మారింది, ఆటస్థలాలు పోయాయి, ట్యూషన్లు పెరిగాయి, కొంత వంశం నుంచి వస్తుంది. అదే సంస్థ పిల్లలకి రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు కదిలే ఆట ఉండాలని చెబుతోంది. వెక్కిరింపులు పడ్డ పిల్లలు ఆటలకి దూరం జరుగుతారని పరిశోధనలూ చెబుతున్నాయి. అంటే ఎవరికైతే ఆ గంట అవసరమో వాళ్ళనే గ్రౌండులోంచి తరిమేస్తున్నాం.

తరమడానికి మన దగ్గర మర్యాదైన పద్ధతులు కూడా ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో కుర్రాళ్ళ ఆటంటే కబడ్డీ. బాలుర పోటీల్లో బరువుకి పరిమితి ఉంటుంది, పైన ఉన్నవాణ్ణి తూకం దగ్గరే వెనక్కి పంపుతారు. పోటీకి అది న్యాయమే. కానీ పోటీలో లేనివాణ్ణి ఊళ్ళో ప్రాక్టీసుకి కూడా ఎవరూ పిలవరు. ఇక రెండోది తాడు లాగుడు. ఆగస్టు పదిహేనుకో సంక్రాంతికో తాడు తీయగానే, "ఒరేయ్ నువ్వు చివర నిలబడు" అని నడుముకి చుడతారు. ఏడాది మొత్తంలో వాడికి పిలుపొచ్చేది ఆ ఒక్క రోజే. వాడికేదో ఒక ప్రత్యేకత ఉండాలి, వంట బాగా చేస్తాడనో, జోకులు బాగా వేస్తాడనో, బరువు పనికొస్తుందనో. ఏ ప్రత్యేకతా లేని బక్కపిల్లాణ్ణి కాలువ గట్టు మీద నడవడానికి మనం అర్హత అడుగుతున్నామా? చిన్నాకి నాకు తెలిసి ఏ ప్రత్యేకతా లేదు. లెక్కల్లో అంతంతమాత్రం. పాట రాదు. బజ్జీలు తింటూ పాత క్రికెట్ మ్యాచిలు చూడ్డం ఇష్టం. అయితే ఏం?

వాళ్ళమ్మని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైందని మాస్టారు చెబుతున్నారు, టీ గ్లాసు చేతులు మారుస్తూ. "మావాడికి ఆయాసమండీ, ఎండ పడదండీ, వాడికేమైనా అయితే" అందట ఆవిడ. ఆవిడ భయంలో పస లేకపోలేదు. లావుపాటి ఒంటికి వేడి ఎక్కువ పుడుతుంది, త్వరగా వదలదు. అందుకే మే నెలలో ఈ గ్రూపు ఎక్కడికీ పోదు. నడకలన్నీ కార్తీకం నుంచి మాఘం లోపే, పదింటికల్లా ముగిసేలా. డాక్టరు కాగితం మటుకు అందరూ తేవాలి, అందరికీ ఒకే ప్రశ్నలు: ఉబ్బసం ఉందా, నడిస్తే ఛాతీలో నొప్పా, కళ్ళు తిరుగుతాయా, మోకాలు గానీ తుంటి గానీ నొప్పా.

ఆ చివరి ప్రశ్న గురించి ఒక మాట. పదకొండు నుంచి పదిహేనేళ్ళ మధ్య బరువెక్కువున్న పిల్లలు కుంటుతూ, తుంటి నొప్పనో తొడ నొప్పనో మోకాలి నొప్పనో అంటే, "ఒళ్ళు బరువు, కాస్త నడిస్తే అదే పోతుంది" అని నడిపించకూడదు. తొడ ఎముక పైతల తన చోటునుంచి జారే జబ్బొకటి ఆ వయసులో వస్తుంది, లావుగా ఉన్నవాళ్ళకి ఎక్కువ వస్తుంది. నొప్పి మోకాల్లో తెలుస్తుంది, లోపం తుంటిలో ఉంటుంది. కాలు కింద పెట్టనివ్వకుండా వెంటనే ఎముకల డాక్టరుకి చూపించాలి. మామూలు ఆయాసం వేరు, ఇది వేరు.

లేవండి, బయల్దేరుతున్నారు. వేమగిరి నుంచి ఎవరైనా ఆటో ఎక్కవచ్చని మాస్టారు ముందు రోజే చెప్పారు. ఎవరూ ఎక్కలేదు. చిన్నా ఆటో వైపు ఒకసారి చూసి, పెట్రోల్ వైపు చూసి, నడిచాడు.

ఇప్పుడు మాస్టారి తమ్ముడు మోపెడ్ దిగి తోసుకుంటూ మన పక్కనే నడుస్తున్నాడు. మొన్న కార్తీకంలో పాపికొండల ట్రిప్పు సంగతి చెబుతున్నాడు. లాంచీ ఎక్కేముందు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. చిన్నాకి బకిలు కలవలేదు, జానెడు ఎడం. జాకెట్లిచ్చే మనిషి, "ఏం పర్లేదులే బాబూ, భుజాన వేసుకుని కూర్చో" అన్నాడు. వెనక జనం తోస్తున్నారు. చిన్నా అప్పటికే "నేను ఒడ్డున ఉంటానండీ, మీరెళ్ళిరండి" అనేశాడు.

కట్టుకోని జాకెట్టు నీళ్ళలో పడగానే మనిషిని వదిలి పైకి లేచిపోతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట లాంచీ బోల్తా కొట్టి యాభైమంది దాకా పోయాక ఈ నది మీద "పర్లేదులే" అనే మాటకి చోటు లేదు. "మావాడికి సరిపోయే జాకెట్టు వస్తేనే మేం కదిలేది, లేకపోతే పాతికమందీ దిగిపోతాం" అన్నారట మాస్టారు. పావుగంట వెతికితే లోపల గదిలో ఎక్కడో పెద్ద సైజు దొరికింది. ఉండనే ఉంది, తియ్యడానికి ఓపిక లేదంతే.

"ఆ పావుగంటా వీడి మొహం చూడలేకపోయామండీ," అంటున్నాడు తమ్ముడు. "నావల్ల ఆలీసం అయిపోయిందని. అందుకే అన్నయ్య ఈసారి నించీ ముందే ఫోన్ చేసి సైజు చెబుతున్నాడు."

మంచు పూర్తిగా విడిపోయింది. ఎండ మాఘమాసపుదే గానీ గట్టు మీద నీడ లేదు. చిన్నా నడక మారింది గమనించారా? కాళ్ళు ఎడంగా వేస్తున్నాడు. కుంటు కాదు. తొడలు ఒరుసుకుని మండుతున్నాయి. చెమట, ఉప్పు, ప్యాంటు కుట్టు, మూడూ కలిసి లోపల చర్మం లేపేస్తాయి. ఈ బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది, పడ్డవాళ్ళు పైకి చెప్పరు. మందుల పెట్టెలో బ్యాండ్ ఎయిడ్ పక్కన వాజిలీన్ డబ్బా ఉంది. పొద్దున్నే "బూటు కరిచేవాళ్ళూ, ఒరిపిడి ఉండేవాళ్ళూ రాసుకోండి" అని దాన్ని అందరి మధ్యా తిప్పారు. చిన్నా అప్పుడు రాసుకోలేదు. ఇప్పుడు పంపుషెడ్డు వెనక్కి వెళ్ళి వచ్చాడు. ఒక ఫర్లాంగు బాగానే నడిచాడు. తరవాత ఆగిపోయాడు.

"మాస్టారండీ... ఇంక మండుతోందండీ."

"సరే. బండెక్కు."

అంతే. మోపెడ్ వెనక నీళ్ళ టిన్ను దించి చిన్నాని ఎక్కించారు. అరగంట ముందే బూటు కరిచిన ఇంకొకణ్ణి ఈ మోపెడ్డే దింపి వచ్చింది. పెట్రోల్ లీడర్ కుర్రాడికి మాత్రం అనుమానం.

"మరి మా పెట్రోల్ నడిచినట్టు లెక్కేనాండీ?"

"బండి మన ప్లానులో ఉందా లేదా?"

"ఉందండీ."

"మరింకేం? టిన్ను పట్టు."

వాడు మొహం కాస్త చిన్నబుచ్చుకునే టిన్ను అందుకున్నాడు. చివరి కిలోమీటరున్నర చిన్నా నడవలేదు. నడిచినట్టు రాస్తే మీకు బాగుండేది, అబద్ధమయ్యేది.

కడియం లాకుల దగ్గర కాలువ చీలుతుంది. అక్కణ్ణించి నర్సరీలు మొదలు: కడియపులంక వైపు ఎటు చూసినా నల్ల కవర్లలో మొక్కలు, బంతి, చామంతి, క్రోటన్లు, దేశం నలుమూలలకీ వెళ్ళే లారీలు. చిన్నా ఒక కొబ్బరిచెట్టు నీడన కాళ్ళు చాపి కూర్చుని ఉన్నాడు. వాళ్ళ పెట్రోల్ వచ్చి చుట్టూ పడిపోయింది. సున్నుండల డబ్బా తెరిచారు. ఎవడో చిన్నా పొట్ట మీద తల పెట్టుకుని పడుకోబోతే వాడు తోసేశాడు, నవ్వుతూనే. మాస్టారు గడియారం చూశారు. ఆఖరివాడు కూర్చున్నాక.

గ్రూపు తరవాతి ప్రయాణం మారేడుమిల్లికి. కాసేపటికి చిన్నా లేచి మాస్టారి దగ్గరికొచ్చాడు.

"మారేడుమిల్లిలో జలపాతం దగ్గరికి మెట్లుంటాయాండీ?"

"నడవాల్సిందైతే ఉంది."

"చాలా ఉందాండీ?"

"పై వారం నేనూ తమ్ముడూ వెళ్ళి చూసొస్తాం. నువ్వూ రా. ఎక్కడ ఆగాలో నువ్వే చెబుదువుగాని."

చిన్నా ఆలోచించి చెబుతానన్నాడు. వెళ్ళి వాళ్ళ పెట్రోల్ మధ్యలో కూర్చున్నాడు. మారేడుమిల్లి కాగితం చేతులు మారుతోంది. పేరు, చొక్కా కొలత, బూటు కొలత, ఛాతీ కొలత, డాక్టరు కాగితం ఉందా లేదా. అందరూ అన్నీ నింపుతున్నారు. చిన్నా గడి మనం బయల్దేరేసరికి ఇంకా ఖాళీగానే ఉంది.

మీ ఊళ్ళో స్కౌట్లు గానీ, ఎన్‌సీసీ గానీ, గుడి కుర్రాళ్ళ సంఘం గానీ, చర్చి యూత్ గానీ పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్తుంటే, తేదీ ఖాయం చేసే ముందు ఇలాంటి కాగితం ఒకటి అందరి చేతా నింపించండి. అందరి కన్నా నెమ్మదిగా నడిచేవాణ్ణి వెంటపెట్టుకుని ముందుగా ఒకసారి ఆ దారి నడిచి చూడండి. బండి ఒకటి వెనక ఉంచండి. వాజిలీన్ డబ్బాకి పెద్ద ఖర్చేం కాదు.